ఇంటిపాట – ధ్వనిముద్రణము

మానవుడు తన మాటను నిలుపుకొనుటకు చేసిన ప్రయత్నము మిక్కిలి ప్రాచీనమైనది. కరీంనగరు జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలగుట్ట యను కొండ కలదు. క్రీస్తుశకము పదవ శతాబ్దమున, కన్నడ ఆదికవి పంపని తమ్ముడైన జినవల్లభుడు ఆ కొండబండపై చెక్కించిన శాసనములో సంస్కృత కన్నడ భాగములతోబాటు మూడు తెలుగు కంద పద్యములును కలవు. వేయి సంవత్సరములకు పైగా ఎండకు ఎండి వానకు తడిసినను ఆ అక్షరములు నశింపలేదు. అయితే ఆ పద్యములను ఆనాటివారు ఏ గొంతుతో, ఏ ధోరణిలో చదివెడివారో నేడు తెలుసుకొను దారి లేదు. శిల అక్షరమును దాచెను గాని స్వరమును దాచలేకపోయెను.

తాళ్ళపాక అన్నమాచార్యుల సంగతియు నిట్టిదే. ఆయన సుమారు 32,000 సంకీర్తనలు రచించెనని చెప్పుదురు. వానిని ఆ వంశమువారు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. ఆ రేకులు ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచినవి. వానిలో సగముకంటె తక్కువ కీర్తనలు మాత్రమే నేడు లభించుచున్నవి. లభించిన కీర్తనలకు రాగముల పేర్లు కలవు కాని, వాగ్గేయకారుడు వానిని పాడిన వరుస లేదు. అందుచేతనే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన విద్వాంసులు పెక్కింటికి క్రొత్తగా స్వరరచన చేయవలసివచ్చినది. రాగిరేకుపై చెక్కించుకొనగల భాగ్యము కలిగిన పాటకే ఈ గతి పట్టినపుడు, ఏ రేకును ఏ తాటియాకును ఎరుగని ఇంటిపాట గతి యేమని చెప్పవలెను?

ఇంటిపాట యనగా సభలో పాడునది కాదు. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలైన పేర్లను పేర్కొనెను. ఆయన కాలమునకే అవి జనుల నోళ్ళలో నలుగుచుండెనని దానివలన తెలియుచున్నది. ఆ పేర్లు మిగిలినవి. వాని వరుసలు మిగులలేదు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు నేటికిని వినబడు బతుకమ్మ పాటలు, వరినాట్ల పాటలు, జోలపాటలు, పెండ్లిపాటలు, అప్పగింతల పాటలు ఆ వరుసలోనివే. ధర్మపురి నరసింహస్వామిని గూర్చి శేషప్పకవి చెప్పిన నరసింహశతకము ముద్రిత గ్రంథముగా నేడును దొరకును. ఆ పద్యములను తెల్లవారుజామున అరుగుపై కూర్చుండి ఒక తాత చదువు ధోరణి ఏ అంగడిలోను దొరకదు. కవి సి. నారాయణరెడ్డి 1931లో సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో జన్మించి, బాల్యమున హరికథలను, జంగమ కథలను, పల్లెపాటలను విని పెరిగెను. ఆయనకు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. ఆయన కవిత్వము నేడు గ్రంథాలయముల అలమారులలో కలదు. బాలుడైన ఆయన చెవిని పడిన ఆ గొంతులను విందుమన్న దారి లేదు.

స్వరమును పట్టి నిలుపు యంత్రమును 1877లో అమెరికా దేశమున థామస్ ఎడిసన్ కనుగొనెను. ఆయన దానికి ఫోనోగ్రాఫు అని పేరు పెట్టెను. తిరుగుచున్న గొట్టముపై చుట్టిన తగరపు రేకును ఒక సూది తాకుచుండగా, ఎదుట పలికిన మాట యొక్క కంపము రేకుపై గీతగా పడును. ఆ గీత వెంట సూదిని మరల నడిపినచో పలికిన మాట తిరిగి వినబడును. మరుసటి యేట ఎడిసన్ తన యంత్రము యొక్క ఉపయోగములను వివరించుచు ఒక వ్యాసము ప్రకటించెను. లేఖలను పలికి పంపుట, చూపులేనివారికి గ్రంథములను వినిపించుట, సంగీతమును నిలుపుట అందు పేర్కొనబడినవి. కుటుంబములోనివారి కంఠములను, మరణశయ్యపై నున్నవారి తుది పలుకులను పదిలపరచుకొనుటయు వానిలో నొకటి. కావున ధ్వనిముద్రణము పుట్టినపుడే అది ఇంటికొరకు కూడ ఉద్దేశింపబడినదని గ్రహింపవలెను. తరువాత తగరపు రేకునకు బదులు మైనపు గొట్టములు వచ్చినవి. వానిపై కొనుగోలుదారుడు ఇంటియొద్దనే రెండు నిమిషముల పాటను పట్టుకొనవచ్చును. వలదనుకొన్నచో పైపొరను గీకివేసి మరల వాడుకొనవచ్చును.

ఈ హక్కు ఇండ్లలో ఎక్కువకాలము నిలువలేదు. ఎమిలి బెర్లినరు 1887లో రూపొందించిన గ్రామఫోను క్రమముగా ఫోనోగ్రాఫును వెనుకకు నెట్టెను. గ్రామఫోను పళ్ళెరము చౌక. ఒక అచ్చునుండి వేలకొలది ప్రతులు తీయవచ్చును. అయితే దానిపై పాటను పట్టు పని కంపెనీలదే; ఇంటిలో దానిని వినుట మాత్రమే సాధ్యము. మన దేశమున 1902లో కలకత్తాయందు గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు ఇట్లు ముద్రింపబడినవి. తరువాత తెలుగు రంగస్థల పద్యములు పళ్ళెరములపైకెక్కి పల్లెలకు చేరినవి. ఇది గొప్ప మేలే. కాని అంతవరకు పాడుచున్న ఇల్లు వినుచున్న ఇల్లుగా మారుటకు అదియే ఆరంభము.

ఆ కాలమున కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ అను సుగంధ తైలముల వర్తకుడు వేడుకకొరకు ఫోనోగ్రాఫును సంపాదించి, బంధుమిత్రుల పాటలను మైనపు గొట్టములపై పట్టసాగెను. ఆ వేడుకయే ముదిరి, 1906 నాటికి వ్యాపారముగా మారినది. వంగ విభజనకు వ్యతిరేకముగా దేశమంతట అలజడి చెలరేగిన ఆ దినములలో, రవీంద్రనాథ ఠాగూరు స్వయముగా పాడిన పాటలు ఆయన గొట్టములపైకెక్కినవి. వానిలో అధిక భాగము నశించిపోయినవి. పళ్ళెరముపైకి మార్చబడిన కొన్ని మాత్రమే మిగిలినవి. వేడుకగా పట్టిన పాట దేశచరిత్రకు సాక్ష్యము కాగలదనుటకును, ప్రతి తీయని పాట నిలువదనుటకును ఇదియొక్కటియే చాలిన దృష్టాంతము.

1930లలో హైదరాబాదునందు దక్కను రేడియో పుట్టి, 1950లో ఆకాశవాణిలో కలిసినది. రేడియో పల్లెకు పాటను తెచ్చినది గాని పల్లె పాటను తిరిగి తీసికొనిపోవుట అరుదు. ఈలోగా జర్మనీలో 1928లో ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ అనునాతడు ఇనుపపొడి పూసిన కాగితపు పట్టీపై అయస్కాంతశక్తిచే ధ్వనిని నిలుపు విధమును కనుగొనెను. 1935లో బెర్లిను ప్రదర్శనమున టేపు యంత్రము లోకమునకు చూపబడినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము అది ఇతర దేశములకు వ్యాపించెను. 1950లలో పాశ్చాత్య దేశములందు పాటలను, పలుకులను టేపుపై పట్టి, ముఖము చూడని మిత్రులకు తపాలాలో పంపుకొను సంఘములు ఏర్పడినవి. మన దక్షిణ దేశమున సంగీత రసికులు కొందరు పెద్ద చక్రముల టేపురికార్డరులను సంపాదించి, ఇండ్లలో జరుగు కచ్చేరీలను ముద్రించి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనిరి. అయితే ఆ యంత్రము బరువైనది, ఖరీదైనది. రైతు ఇంటికి, నేతగాని ఇంటికి అది రాదగినది కాదు.

అట్టి ఇండ్లకు దానిని చేర్చినది క్యాసెట్టు. హాలండు దేశపు ఫిలిప్స్ కంపెనీ 1963లో దీనిని వెలువరించెను. అరచేతిలో ఇముడు డబ్బీలో నాలుగు మిల్లీమీటర్లకంటె సన్నని పట్టీ సుమారు 90 మీటర్ల పొడవు చుట్టబడియుండును. అది సెకనుకు అయిదు సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా కదలును. ఒక్కొక్క ప్రక్క అరగంట చొప్పున రెండు ప్రక్కల గంటసేపు ధ్వని నిలుచును. మొదట దీనిని మాటలు నమోదు చేయుటకే ఉద్దేశించిరి. జనులు దీనిని పాటకు వాడుకొనిరి.

మన ప్రాంతమునకు టేపురికార్డరు వచ్చిన దారి విశేషమైనది. 1973లో చమురు ధర పెరిగిన పిదప అరబ్బు దేశములందు కట్టడములు విస్తరించి కూలీలకు గిరాకి కలిగినది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలకొలది మంది దుబాయి, మస్కటు, సౌదీ, కువైటు, బహ్రెయిను దేశములకు తరలిపోయిరి. చెరువు నిండని ఏండ్లు, మగ్గము ఆడని నెలలు, అప్పుల బాధ వారిని పంపినవి. రెండేండ్లకో మూడేండ్లకో సెలవుపై వచ్చునపుడు కంబళి, అత్తరు, చేతి గడియారములతోబాటు రేడియోయు టేపును ఒకేచోట గల 'టూ-ఇన్-వన్' పెట్టెను తెచ్చుట ఆనాటి ఆనవాయితి. వాడవాడకు అట్టి పెట్టె ఒకటి రెండైన వచ్చినవి. దానియందు ఎర్ర గుర్తు గల మీట యొకటి కలదు. ఆ మీట నొక్కినచో ఎదుట పాడిన పాట నిలుచునన్న సంగతి పిల్లలు మొదట కనుగొనిరి. పెద్దలు తరువాత నమ్మిరి.

ఆ రోజులలో పల్లెలందు టెలిఫోను దుర్లభము. ఉత్తరము చేరుటకు వారములు పట్టెడిది. చదువురాని తల్లి కొడుకునకు ఉత్తరము వ్రాయవలెనన్నచో పంతులునో పట్వారినో చదువుకొన్న పొరుగువానినో ఆశ్రయింపవలెను. కోడలి సంగతి, అప్పు సంగతి, ఒంటిలో నలత సంగతి పరాయివాని చెవిన పడనిదే కొడుకును చేరవు. వ్రాయువాడు దయామయుడే కావచ్చును. అయినను ఆమె గుండెలోని మాట అతని కలములో సగమై పోయెడిది. క్యాసెట్టు ఆ మధ్యవర్తిని తొలగించినది. తల్లి పెట్టె ముందు కూర్చుండి, "బిడ్డా, మంచిగున్నవా" యని తన మాటతో, తన యాసతో పలుకవచ్చును. దూరదేశమునకు పోవు ఊరివాని సంచిలో ఆ క్యాసెట్టు చేరెడిది.

మాట ముగిసిన పిదప పట్టీ ఇంకను మిగిలియుండెడిది. మిగిలిన పట్టీపై పాట పట్టుట సహజముగా అలవాటైనది. బతుకమ్మ దినములలో ఆడువారు వాకిట తిరుగుచు పాడిన పాట, చిన్నపిల్ల చెప్పిన పద్యము, ముసలమ్మ జోలపాట, ఇంటికి వచ్చిన ఒగ్గువారి కథలో ఒక భాగము అందుపై చేరెడివి. ఎడారిలో పని ముగించి వచ్చిన కూలీలు ఒకే గదిలో పదిమంది కూర్చుండి ఒకరి క్యాసెట్టును అందరును వినెడివారు. ఒకని తల్లి పాడిన పాట అందరి తల్లుల పాటయయ్యెడిది. వారు పళ్ళెములను, డబ్బాలను దరువుగా వాయించి తాము పాడిన పాటలను తిరుగు క్యాసెట్టులో పంపెడివారు. మలబారు ప్రాంతపు ముస్లిము కుటుంబములలోను ఇట్టి క్యాసెట్టు లేఖలు మిక్కిలి వాడుకలో నుండెను. ఆ రీతిగా ఎడిసన్ తన వ్యాసమున ఊహించిన పలుకు లేఖయు కుటుంబ కంఠమును దాదాపు నూరేండ్లకు వలసకూలీల ఇండ్లలో కలిసి నెరవేరినవి.

ఈ అవసరమునుండి వేడుక పుట్టినది. పాటయందు అభిరుచి గల యువకులు సాయంకాలము ఒకచోట చేరి, హార్మోనియమో డోలకో ఉన్నచో దానితో, లేనిచో తాళముతో పాడి ముద్రించి మిత్రులకు ఇచ్చుట సాగినది. అనుభవమే వారికి గురువు. పెట్టెను డోలు ప్రక్కన పెట్టినచో గొంతు మునిగిపోవును. గోడకు దగ్గరగా పెట్టినచో ప్రతిధ్వని కలుగును. పంకా క్రింద పెట్టినచో గాలి హోరు తప్ప మరేదియు వినబడదు. పరుపులు, కంబళులు ఉన్న గదిలో గొంతు స్వచ్ఛముగా పట్టువడును. రెండు పెట్టెలను ఎదురెదురుగా ఉంచి ఒకదానినుండి మరొకదానికి ప్రతి తీసెడివారు. ప్రతికి ప్రతి తీసినకొలది బుస పెరిగెడిది. నాలుగవ ప్రతియందు పాటకంటె బుసయే ఎక్కువ. అయినను మిత్రుడు ఇచ్చినదని దానిని ప్రీతితో వినెడివారు.

ఇట్టి ముద్రణములందు దోషములు పెక్కు కలవు. జోలపాట నడుమ కోడి కూయును. సిరిసిల్లలో పట్టిన పాట వెనుక సాంచాల చప్పుడు వినబడును. బతుకమ్మ పాటలో ఒకామె చరణము మరచిపోగా తక్కినవారు నవ్వుదురు. బజారున అమ్మబడు క్యాసెట్టులో ఇవి యుండవు. 1980లలో చౌక క్యాసెట్టులు దేశమంతట వెల్లువెత్తి, జానపద గీతములు కూడ వానిలో ముద్రింపబడి అమ్ముడుపోయినవి. అందు వాద్యములు నిండుగా, గొంతు నునుపుగా నుండును. వాని విలువ వానికి కలదు. కాని వాకిట పాడినపుడు ఒకామె ఎత్తుకొనగా తక్కినవారు "ఉయ్యాలో" యని అందుకొను నడుమ గల చిన్న విరామము, అడుగును చప్పట్లును కలియు చోటు, పాటకు ముందు పెద్దామె చెప్పు రెండు మాటలు ఇంటి ముద్రణములోనే దొరకును. రేపు ఈ ప్రాంతపు పాటను నేర్చుకొనగోరువానికి ఆ దోషములే ఆధారములగును.

1950లలో బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు జానపద గేయములపై పరిశోధన చేసి, పల్లెపాటకు విద్వత్సభలో స్థానము సంపాదించిపెట్టెను. జీన్ రోగైర్ అను అమెరికా పండితుడు పల్నాటి వీరుల కథను గాయకుని నోటనుండి టేపుపై పట్టి, దానిపై వ్రాసిన గ్రంథమును 1982లో వెలువరించెను. పండితులు ఎంత శ్రమపడినను ప్రతి పల్లెకు, ప్రతి వాకిలికి రాలేరు. వారు రాని చోట ఎర్ర మీట నొక్కిన పిల్లవాడే సేకర్త.

కాలము మారినది. టెలిఫోను బూతులు, తరువాత సెల్‌ఫోనులు వచ్చి క్యాసెట్టు లేఖను అనవసరము చేసినవి. నేడు ప్రతివాని జేబులోను ధ్వనిముద్రణ యంత్రము కలదు. 2000లో వెలువడిన ఆడాసిటీ వంటి ఉచిత సాధనములచే ఇంటనే పాటను పట్టి, దిద్ది, క్షణములో దేశాంతరమందలి మిత్రునకు పంపవచ్చును. ప్రతికి ప్రతి తీసినను బుస పెరుగదు. మన జిల్లాలోనే మల్యాల మండలపు లంబాడిపల్లి యువకులు 2012లో ఆరంభించిన 'మై విలేజ్ షో' పల్లె యాసను, పల్లె నవ్వును లోకమంతటికి వినిపించినది. ఇంటియొద్ద చేసిన పనికి దూరము అడ్డు కాదని అది నిరూపించెను.

అయితే సౌలభ్యము హెచ్చినంత మాత్రమున భద్రత హెచ్చలేదు. ఫోను మార్చినపుడు, అది నీట పడినపుడు, నిండిపోయినదని తుడిచినపుడు అందలి గొంతులు పోవుచున్నవి. పాత క్యాసెట్టుల స్థితి మరింత శోచనీయము. టేపు పట్టీకి తేమ, వేడిమి, బూజు, అయస్కాంతము శత్రువులు. ఆడించు యంత్రములు చెడిపోయినచో బాగుచేయువారు కరవగుచున్నారు. అటకపైనున్న అట్టపెట్టెలో నలుబది సంవత్సరములుగా పడియున్న క్యాసెట్టులు ఇల్లు కట్టునపుడో బాగుచేయునపుడో చెత్తతో పోవుచున్నవి. పోయినది పాత ప్లాస్టిక్కు డబ్బీ యని ఇంటివారు తలంతురు. అందున్నది గతించిన తల్లి గొంతు అని తరువాత జ్ఞప్తికి వచ్చినను ఫలము లేదు.

కావున గ్రంథాలయమునకు ఇందొక ధర్మము కలదు. అచ్చుపుస్తకము పట్టణమున మరల కొనవచ్చును. ఇంటిపాట ఉన్న క్యాసెట్టునకు రెండవ ప్రతి లేదు. దీనికై చేయవలసిన పని పెద్దది కాదు. ఇండ్లలోని క్యాసెట్టులను తెప్పించి, వానిపై మరల ముద్రణము పడకుండ పై అంచునగల చిన్న రెక్కలను విరువవలెను. ఎండ, తేమ తగులని చోట నిలువుగా పేర్చవలెను. పనిచేయు టేపు యంత్రము నొకదానిని సంపాదించి, తీగతో కంప్యూటరునకు కలిపి ప్రతి తీయించవలెను. ఒక ప్రతి గ్రంథాలయమున, ఒకటి సొంతదారుని ఇంట, ఒకటి వేరొక ఊరిలో నుంచినచో ఒకచోట పోయినను మరియొకచోట మిగులును.

అన్నిటికంటె ముఖ్యమైనది పట్టిక. పాడినవారెవరు, వారి వయస్సెంత, ఏ ఊరు, ఏ సందర్భము, ఏ సంవత్సరము, ముద్రించినదెవరు అను వివరములను వెంటనే వ్రాసిపెట్టవలెను. పహాణీలో చేరని భూమి ఎవరిదో చెప్పుట కష్టమైనట్లే, పేరు వ్రాయని గొంతు ఇరువది యేండ్లకు ఎవరిదో చెప్పువారుండరు. అదే విధముగా ఒక మర్యాదను పాటింపవలెను. ఒకే క్యాసెట్టులో పాటయు తల్లి చెప్పుకొన్న కష్టమును ప్రక్కప్రక్కన ఉండవచ్చును. పాట ఊరిది, కష్టము ఇంటిది. పాడినవారి యొక్క, వారి సంతానము యొక్క అనుమతి లేనిదే దేనిని నలుగురికి వినిపింపరాదు. ఇంటి సంగతులను విడదీసి ఇంటివారికి అప్పగించి, వారు సమ్మతించిన పాటను మాత్రము పొందుపరచవలెను.

క్రొత్తగా పాటలు పట్టు యువకులకు ఒక్క మనవి. వారు తమ పాటను మిత్రులకు పంపుకొనుట మంచి వేడుకయే. వారమునకొక దినము ఆ ఫోనును ఇంటిలోని అవ్వ ముందు ఉంచినచో, ఆ వేడుక ఊరికి ఉపకారమగును. ఆమెకు వచ్చిన పాటలు ఆమె తల్లినుండి వచ్చినవి. అవి ఏ గ్రంథములోను లేవు. బొమ్మలగుట్టపై అక్షరములను చెక్కుటకు ఉలి పట్టిన శిల్పి యొకడు కావలసివచ్చెను. ఈనాడు ఒక మీట నొక్కు చేయి చాలును. ఆ చేయి ఆలస్యము చేయకుండుట, చేసిన ముద్రణమును గ్రంథాలయమునకు చేర్చుట ఈ తరమువారి చేతిలోని పని.